చేయి చాలనిచోట

నేను ప్రధానోపాధ్యాయుడనై యున్న కాలమున జరిగిన చిన్న సంగతి యిది. మా పాఠశాల ఆటస్థలములో వాలీబాలు స్తంభమును నిలుపుటకై ఒక ఇనుప గొట్టమును నేలలో పాతియుంచిరి. వేసవిలో స్తంభమును తీసివేయగా గొట్టము నోరు తెరచియుండెను. ఒకనాడు పిల్లల రబ్బరు బంతి అందులో పడినది. గొట్టము బంతికంటె కొంచెమే వెడల్పు. లోతు మూరెడు పైన. చేయి దూరదు. ఒకడు పుల్లతో పొడిచెను. వేరొకడు తీగను కొక్కెముగా వంచెను. బంతి పైకి రాలేదు. నేను గడ్డపార తెప్పించి గొట్టము చుట్టును త్రవ్వింప నారంభించితిని. ఇంతలో ఆరవ తరగతి బాలుడొకడు కడవతో నీళ్లు తెచ్చెను. "ఇది ఆటల సమయము కాదు, పొమ్ము" అని వానిని గద్దించితిని. త్రవ్వినవాడు అలసి కూర్చుండగా, ఆ బాలుడు మెల్లగా వచ్చి నీరు పోసెను. బంతి తేలి గొట్టము నోటికి వచ్చెను.

మేమందరము "చేయి బంతిని చేరుట యెట్లు?" అని ఆలోచించితిమి. వాడు "బంతి చేతిని చేరుట యెట్లు?" అని ఆలోచించెను. భేదమంతయు అందే యున్నది.

1931వ సంవత్సరమున నార్మన్ మేయర్ అను అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ఇట్టి పరీక్షనే ప్రకటించెను. గది కప్పునుండి రెండు త్రాళ్లు వ్రేలాడుచుండును. వాటి కొనలను ముడివేయవలెను. ఒకదానిని పట్టుకొన్నచో రెండవది అందదు. గదిలో పట్టుకారు మొదలగు వస్తువులు కలవు. పట్టుకారును ఒక త్రాటికి కట్టి ఊపినచో, అది గడియారపు లోలకమువలె ఊగుచు తానే దగ్గరకు వచ్చును. పలువురికి ఈ ఉపాయము తోచలేదు. పట్టుకారు పట్టుకొనుటకే యని వారి మనస్సు నిశ్చయించుకొనియుండెను. మేయర్ యాదృచ్ఛికముగా తగిలినట్లు త్రాటిని కొంచెము కదలించినంతనే చాలమందికి దారి తోచెను.

ఇవి పొడుపుకథలవంటి వినోదములే యని కొందరందురు. నేనట్లు తలపను. 2006లో హర్యానాలో ఒక పసిబాలుడు సుమారు 60 అడుగుల లోతుగల గొట్టపుబావిలో పడెను. ఆ ఇరుకు దారిలో పెద్దవారు దిగజాలరు. సైనికులు ప్రక్కనున్న పాతబావినుండి అడ్డముగా సొరంగము త్రవ్వి బాలుని ప్రాణములతో వెలికి తీసిరి. పైనుండి అందనిది ప్రక్కనుండి అందినది. వాడుకలో లేని బావిని ముందే మూసియుంచుట అంతకంటె మేలైన ఉపాయమని వేరుగా చెప్పనేల?

అయితే వింతగా ఆలోచించుట యొక్కటే చాలునని భ్రమపడరాదు. మా గొట్టము అడుగున సిమెంటు లేకున్నచో నీరు ఇంకిపోయెడిది. బంతికి బదులు ఇనుపగుండు పడియున్నచో కడవలు కడవలు పోసినను తేలకుండెడిది. ఏది తేలును, ఏది మునుగును అను పాఠమును ఆ బాలుడు శ్రద్ధగా వినియుండెను. నేనును ఆ విషయమెరుగుదును. కాని సమయమునకు స్ఫురింపలేదు. పాఠము జ్ఞానము నిచ్చును; ప్రశ్నను తిప్పి చూచుట ఆ జ్ఞానమును పనికి తెచ్చును. రెండును కావలెను.

విద్యార్థులారా! మీ తరగతిలో ఎవరైన విపరీతముగా తోచు సమాధానము చెప్పినచో వెంటనే నవ్వకుడు. "ఎందుచేత?" అని అడుగుడు. ఉపాధ్యాయులకును నా మనవి యిదియే. ఆనాడు ఆ బాలుడు నా గద్దింపునకు జడిసి తిరిగి రాకున్నచో, బంతి పోవుట యటుంచి, వాడు మరెన్నడును కడవ తెచ్చియుండడు. ఆ సాయంకాలము ప్రార్థన సమావేశమున అందరియెదుట నా పొరపాటును ఒప్పుకొంటిని. నా ఉద్యోగకాలమున నేను చెప్పిన మంచి పాఠములలో అది యొకటి యని నేటికిని తలచుచుందును.