ప్రశ్న అడిగినాయన వెళ్ళిపోయాడు



బళ్ళారి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "మా అబ్బాయి ఇంగ్లండులో ఉంటున్నాడు. ఫోన్ చేస్తే క్షేమసమాచారాలు రెండు నిమిషాలు, అక్కడి నాయకుల మీద తిట్లు పది నిమిషాలు. ఐరోపా కూటమి నుంచి బయటికొచ్చిన గొడవ అంటాడు. ఓట్లేసి బయటికొచ్చింది వాళ్ళే కదా, మళ్ళీ ఈ కోపమెందుకు? మీ శీర్షికలో కాస్త అర్థమయ్యేలా చెప్పండి" అని.

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు నాకు పత్రికల్లో కన్నా ముందు మా ఇంట్లోనే దొరికింది. ఇక్కడ బరంపురంలో మా వీధి చివర మా అక్క ఉంటుంది. ఆమె కొడుకు, అంటే నా మేనల్లుడు, ఇంగ్లండులో ఆసుపత్రి డాక్టరు. భార్య అక్కడే బడిలో లెక్కల టీచరు. కాపురం ఈశాన్యపు దిక్కున సండర్లాండ్ ఊళ్ళో. 2016 జూన్ 23న ఇద్దరూ ఓటు వేశారు. వాడు "బయటికి" అన్నాడు, ఆ అమ్మాయి "లోపలే" అంది. వారం రోజులు ఇంట్లో మాటల్లేవట. అలాంటిది 2019 మార్చి నాటికి ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని, ఒకే టీవీని చూసి, ఒకే రకంగా తిడుతున్నారు. ఎదురెదురు ఓట్లు వేసినవాళ్ళకు ఒకే కోపం ఎలా వచ్చిందన్నదే అసలు కథ.

అప్పటికి వాళ్ళిద్దరివీ భారత పాస్‌పోర్టులే, మరి ఓటెలా వచ్చిందని మీరు అడగవచ్చు. అక్కడి చట్టం ప్రకారం కామన్వెల్త్ దేశాల వాళ్ళు బ్రిటన్‌లో సక్రమంగా నివాసముంటే ఓటు ఉంటుంది. కానీ ఇరవయ్యేళ్ళుగా అక్కడే ఉంటున్న ఫ్రెంచి వాడికి, పోలండు వాడికి ఆ రెఫరెండంలో ఓటు లేదు. మన యానాం పాఠకులకు ఇది తమాషాగా ఉంటుంది. 1962లో ఫ్రెంచి ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు అక్కడివాళ్ళు కావాలంటే ఫ్రెంచి పౌరసత్వం కోరుకోవచ్చన్నారు కదా. ఒకే తాత మనవలు ఇద్దరు, ఒకడు ఫ్రెంచి పాస్‌పోర్టుతో, ఒకడు ఇండియా పాస్‌పోర్టుతో లండన్‌లో ఒకే గదిలో ఉన్నారనుకోండి. ఐరోపాలో ఉండాలా వద్దా అన్న ఓటు ఇండియా వాడికి ఉంది, ఐరోపా వాడికి లేదు!

సరే, అసలు విషయానికి వస్తాను. ఐరోపా దేశాలు కలిసి కట్టుకున్న ఉమ్మడి మార్కెట్‌లో బ్రిటన్ 1973 జనవరి 1న చేరింది. రెండేళ్ళకే, 1975లో, "ఉందామా, పోదామా" అని ప్రజల్ని అడిగితే మూడింట రెండు వంతుల మంది ఉందామన్నారు. తర్వాత ఆ మార్కెట్ పెరిగి పెద్దదై, సరుకుతో పాటు మనుషులు కూడా ఒక దేశం నుంచి ఒక దేశానికి వీసా లేకుండా వెళ్ళి పని చేసుకునే కూటమి అయింది. కన్సర్వేటివ్ పార్టీలో కొందరికి ఇది మొదట్నుంచీ కంటగింపే. ఇంటి పోరు పడలేక ప్రధాని డేవిడ్ కామెరాన్ 2013లో ఒక మాట ఇచ్చేశాడు: మళ్ళీ గెలిస్తే రెఫరెండం పెడతానని. 2015లో గెలిచాడు. పెట్టక తప్పలేదు.

చీటీ మీద రెండే గళ్ళు. కూటమిలో ఉండటం ఒకటి, వదలిపోవడం ఒకటి. వదలి ఎక్కడికి పోవాలో చీటీలో లేదు. నార్వేలాగా కూటమిలో లేకుండా మార్కెట్‌లో మాత్రం ఉంటారా, పూర్తిగా తెంచుకుంటారా, ఐర్లండ్ సరిహద్దు సంగతేమిటి? ఇవేవీ ఎవరూ రాసిపెట్టలేదు. వదలాలన్న పక్షం వాళ్ళు మాత్రం ఒక బస్సు తిప్పారు. వారానికి 35 కోట్ల పౌండ్లు ఐరోపాకు పంపుతున్నాం, దాన్ని మన వైద్యశాఖకు పెడదాం అని దాని మీద రాత. అంత పంపడం లేదు, ఆ లెక్క తప్పుదారి పట్టించేది అని అక్కడి గణాంకాల సంస్థే చెప్పినా బస్సు ఆగలేదు. అదీ ఎర్ర బస్సే. మన దగ్గర ఎర్ర బస్సెక్కి వచ్చావా అంటే ఏమీ తెలియనివాడని కదా అర్థం. అక్కడ ఎర్ర బస్సు మీద రాసింది చదివినవాళ్ళు కోట్లమంది.

మా వాడు బస్సును నమ్మలేదు. వాడి లెక్క వేరు. బావగారు పోయాక అక్క ఒంటరిదైంది, తీసుకెళ్ళి దగ్గర పెట్టుకుందామని వాడి తాపత్రయం. 2012లో వచ్చిన నిబంధనల ప్రకారం, ముసలి తల్లి తన పని తాను చేసుకోలేని స్థితిలో ఉండాలి, ఆమెకు కావలసిన సంరక్షణ సొంత దేశంలో డబ్బిచ్చినా దొరకదని రుజువు చెయ్యాలి. "మావయ్యా, పోలండు వాడు రేపు పొద్దున్న విమానమెక్కి వాళ్ళమ్మతో సహా దిగొచ్చు. నేను మాత్రం మా అమ్మ మంచాన పడేదాకా ఆగాలి. అదీ ఆమెను చూసేవాళ్ళు బరంపురంలో లేరని కాగితం చూపించాలి. బయటికొస్తే అందరికీ ఒకే రూలు అంటున్నారు" అన్నాడు. వదలాలన్న పక్షంలో పెద్ద పెద్దవాళ్ళే, బయటికొస్తే మన దేశాల వంటవాళ్ళకు వీసాలు సులువవుతాయని, కర్రీ హోటళ్ళు బతుకుతాయని ప్రచారం చేశారు. అక్కడి మన ఉపఖండపు హోటళ్ళ వాళ్ళు చాలామంది నమ్మారు.

ఫలితం మీకు తెలిసిందే. వదలాలన్నవి 1 కోటి 74 లక్షల ఓట్లు, ఉండాలన్నవి 1 కోటి 61 లక్షలు. శాతాల్లో 51.9, 48.1. ఇంగ్లండు, వేల్స్ పోదామన్నాయి. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ ఉందామన్నాయి. మర్నాడు పొద్దున్నే కామెరాన్ ఇంటి ముందుకొచ్చి రాజీనామా చేస్తున్నానన్నాడు. ఫలితమేదైనా నేను ఉంటానని అంతకుముందు చెప్పినవాడు! పైగా, వదలాలని ఓటు వస్తే ఏం చెయ్యాలో ప్రభుత్వ శాఖలేవీ ముందుగా ఆలోచించి పెట్టుకోలేదు, పెట్టుకోమని పైనుంచి చెప్పలేదు కనుక. ఇది ఘోరమైన నిర్లక్ష్యమని ఆ జూలైలోనే పార్లమెంటు విదేశాంగ కమిటీ తప్పుపట్టింది.

మన తాతల్ని ఎవరూ ఏమీ అడగలేదు. 1936 ఏప్రిల్ 1న పొద్దున్న లేచేసరికి మా గంజాం ఒరిస్సాలో ఉంది. 1953లో మీ బళ్ళారి మైసూరులో చేరింది. అడగకుండా గీత గీస్తే వచ్చే బాధ మనకు తెలుసు. అడిగి, జవాబు విని, ఇప్పుడేం చెయ్యాలో మాకూ తెలియదంటే ఎలా ఉంటుందో బ్రిటన్ వాళ్ళకు తెలిసింది.

గీత అన్నాను కనుక ఐర్లండ్ సంగతి చెప్పాలి. అది అర్థం కాకపోతే మిగతాదేదీ అర్థం కాదు. ఇచ్ఛాపురం దాటి ఇటు వచ్చేటప్పుడు గిరిసోల గేటు దగ్గర లారీలు ఎలా బారులు తీరేవో ఈ దారిన తిరిగినవాళ్ళకు తెలుసు. ఉల్లిపాయల లారీ, చేపల లారీ, ఇనుము లారీ, అన్నీ ఒకే వరుసలో. కాగితాలు చూసి, ముద్ర వేసి, చెయ్యి తడిపితే గాని కర్ర లేవదు. 2017లో జీఎస్‌టీ వచ్చి అమ్మకపు పన్ను గేట్లు పోయాక ఆ బారులు తగ్గాయి. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌ది. దక్షిణాన ఐర్లండ్ వేరే దేశం, ఐరోపా కూటమిలో ఉన్న దేశం. మధ్య సరిహద్దు 500 కిలోమీటర్లు, దాన్ని దాటే రోడ్లు రెండు వందలకు పైన. పొలాల మధ్యనుంచి, ఊళ్ళ మధ్యనుంచి పోతుంది ఆ గీత. అప్పట్లో రెండు దేశాలూ ఒకే మార్కెట్‌లో ఉండేవి కనుక సరుకు తనిఖీలు ఉండేవి కావు. ముప్ఫై ఏళ్ళ పాటు అక్కడ జరిగిన మతకలహాల్లో, బాంబుల్లో మూడున్నర వేల మందికి పైగా చచ్చిపోయారు. 1998లో గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరి, సైనికుల కాపలా బురుజులు కూడా క్రమంగా పోయాయి. బ్రిటన్ ఆ మార్కెట్ నుంచి బయటికొస్తే, తనిఖీ ఎక్కడో ఒకచోట జరగాలి. ఆ రోడ్ల మీద మళ్ళీ గేటు పెడితే ఆ గేటును ఎవరు పేలుస్తారోనని భయం. సముద్రం మీద పెడితే, మా దేశంలో మాకే గేటా అని ఉత్తర ఐర్లండులో బ్రిటన్ పక్షపు వాళ్ళకు మంట. అసలు గేటే వద్దంటే బ్రిటన్ సగం లోపలే ఉండాలి, మరి వదిలిందేమిటని ఇంగ్లండులో వాళ్ళ కేకలు.

ఈ మూడింట్లో ఏదో ఒకటి ఒప్పుకోవాలి, ఒప్పుకుంటున్నామని జనానికి చెప్పాలి. ఆ ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది. థెరిసా మే ప్రధాని అయి, 2017లో అవసరం లేని ఎన్నికలు పెట్టి ఉన్న మెజారిటీ పోగొట్టుకుంది. రెండేళ్ళు బేరాలాడి 585 పేజీల ఒప్పందం తెస్తే 2019 జనవరి 15న పార్లమెంటులో 432 మంది కాదన్నారు, 202 మంది అవునన్నారు. అక్కడి ప్రభుత్వమేదీ అంత తేడాతో ఓడిపోలేదు. మార్చిలో మరో రెండుసార్లు పెడితే రెండుసార్లూ ఓడింది. సరే, మీకేం కావాలో మీరే చెప్పండని మార్చి 27న ఎనిమిది ప్రతిపాదనలు సభ్యుల ముందు పెట్టారు. ఎనిమిదీ వద్దన్నారు! ఏప్రిల్ 1న నాలుగు పెట్టారు, అవీ వద్దన్నారు. అందులో ఒకటి మూడు ఓట్ల తేడాతో పోయింది. మావాడు ఫోన్‌లో అన్నాడు: "మావయ్యా, నేను రోగికి ఆపరేషన్ అవసరమా కాదా అని అడిగి, సరేనన్నాక, కత్తి పట్టుకుని మూడేళ్ళు నిలబడితే నన్ను ఆసుపత్రిలో ఉంచుతారా?"

ఆ నెలలో వీధులు కూడా నిండాయి. మళ్ళీ ఓటు పెట్టమని లండన్‌లో లక్షల మంది నడిచారు. ఈ వదలడమే రద్దు చెయ్యమన్న విజ్ఞప్తి మీద 60 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. అదే నెలలో మా వాళ్ళ సండర్లాండ్ నుంచే ఇంకో యాత్ర లండన్‌కు బయల్దేరింది, ఇంకా ఎందుకు వదలలేదని. మార్చి 29 అన్న గడువు ఏప్రిల్ 12 అయింది, అక్టోబరు 31 అయింది, చివరికి 2020 జనవరి 31 అయింది. అక్టోబరు 31 తేదీ వేసి ముద్రించిన 50 పెన్నీల నాణేలు పది లక్షల దాకా కరిగించాల్సి వచ్చింది. సరుకు రవాణాకు ఇబ్బంది రాకుండా ప్రభుత్వం ఒక ఫెర్రీ కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చింది. తీరా చూస్తే ఆ కంపెనీకి ఒక్క ఓడ కూడా లేదు. ఇది నేను కల్పించింది కాదు. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ నమ్మదు.

తర్వాత వచ్చిన బోరిస్ జాన్సన్ పార్లమెంటును ఐదు వారాలు మూయబోతే, అది చెల్లదని సుప్రీంకోర్టు పదకొండు మంది జడ్జీలూ ఏకంగా చెప్పారు. అయినా డిసెంబరు ఎన్నికల్లో "బ్రెగ్జిట్ పూర్తి చేద్దాం" అన్న ఒక్క మాటతో 80 సీట్ల మెజారిటీ తెచ్చుకున్నాడు. టోనీ బ్లెయిర్ పాత నియోజకవర్గం సెడ్జ్‌ఫీల్డ్ కూడా ఆయన పార్టీకే పోయింది. "ఇష్టపడి వేసింది కొందరే బాబాయిగారూ, విసిగిపోయి వేసినవాళ్ళే ఎక్కువ" అంది మా కోడలు పిల్ల. సముద్రం మీద గేటు ఉండదన్నట్టే మాట్లాడాడు, సంతకం మాత్రం దానికే పెట్టాడు. 2021 జనవరిలో రొయ్యలు, పీతలు ఎగుమతి చేసేవాళ్ళు, సరుకు కాగితాల కోసం ఆగి కుళ్ళిపోతోందని, లారీలు తెచ్చి పార్లమెంటు దగ్గర నిలబెట్టారు. బయటికొస్తే సముద్రం మనదవుతుందని ఎక్కువ ఆశపెట్టుకున్నది జాలర్లే.

మన పిల్లల లెక్కకు వస్తే, నిజం దాచకూడదు, కొంత మేలు జరిగింది. చదువయ్యాక రెండేళ్ళు ఉండి పనిచేసుకునే వీసా 2021లో మళ్ళీ వచ్చింది. నర్సులు, డాక్టర్లు, సంరక్షణ పనివాళ్ళు మన దేశం నుంచి చాలామంది వెళ్ళారు. వలసలు తగ్గిస్తామన్న మాట మీద గెలిచిన ఓటు తర్వాత, 2023లో నికర వలస ఏడాదికి 9 లక్షలు దాటింది. అప్పుడు వదలాలన్నవాళ్ళు ఇందుకా ఓటేసింది అన్నారు. వెంటనే 2024లో పట్టు బిగించారు. సంరక్షణ పనివాళ్ళు భార్యాబిడ్డల్ని తెచ్చుకోకూడదన్నారు. మన పిల్లలు ఆ బిగింపులో నలిగారు. ఇలా ఏ పక్షాన్నీ సంతోషపెట్టకుండా ఎనిమిదేళ్ళలో ఐదుగురు ప్రధానులు కుర్చీ ఎక్కారు, అందులో ఒకరు 49 రోజులే. రెఫరెండంలో వందకు 72 మంది ఓటేసిన దేశంలో 2024 జూలై ఎన్నికలకు వచ్చింది 60 మంది లోపే.

తల్లిదండ్రుల వీసా నిబంధన మాత్రం 2012లో ఎలా ఉందో అలాగే ఉంది. దాన్ని ఐరోపా వాళ్ళు పెట్టలేదు కదా, లండన్‌లో పెట్టిందే. "అది అప్పుడే చూసుకోవాల్సింది రా" అన్నాను మావాడితో. "చూసుకోవాల్సింది మావయ్యా" అన్నాడు. తర్వాత కాసేపు ఫోన్‌లో మాట లేదు.

అక్క ఆరు నెలల విజిటింగ్ వీసా మీద ఒకసారి వెళ్ళొచ్చింది. చలికి మోకాళ్ళు పట్టేశాయంది. రెఫరెండం అయిన ఆగస్టులోనే, ఇక పిలుపు రావడమే తరువాయి అని పాస్‌పోర్టు తీసుకుంది, పదేళ్ళది. దాన్ని రెన్యువల్ చేయించాలా వద్దా అని మొన్న నన్నడిగింది. దరఖాస్తు కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి.