మా జబ్బుకు పేరు కావాలి

వానలు పడిన నెలకల్లా మా గురించి పేపర్లో ఒక వార్త వస్తుంది. అందులో ఏముంటుందో చదవకుండానే మేం చెప్పగలం. పైన 'మన్యంలో అంతుచిక్కని వ్యాధి' అని పెద్ద అక్షరాలు. కింద ఫలానా పంచాయతీలో ఇంతమంది మంచాన పడ్డారని, ఇద్దరో ముగ్గురో చనిపోయారని, వైద్య శిబిరం పెట్టారని నాలుగు ముక్కలు. చివర ఒక అధికారి మాట: నమూనాలు ల్యాబుకు పంపాం, ఫలితాలు రావాల్సి ఉంది. ఆ ఫలితాలు వచ్చాయని, జబ్బు ఇదని తేలిందని తర్వాత వార్త చదివిన గుర్తు మాలో ఎవరికీ లేదు.

జబ్బు నిజంగా అంతుచిక్కలేదా? అంతు తేల్చే పని ఎవరూ చేయలేదా? ఈ వ్యాసంలో మేం అడుగుతున్నది ఈ ఒక్క ప్రశ్నే.

మాలో ఒకరి ఊళ్లో జరిగింది చెబుతాం. ఊరి పేరు రాయం, ఆస్పత్రి పేరూ రాయం. ఇలాంటి కథ ప్రతి కొండ మీదా ఉంది కాబట్టి ఒక్కరి మీద నింద వేయడం మాకు ఇష్టం లేదు. ఆషాఢంలో గెడ్డ ఎర్రగా పొంగింది. ఊట దగ్గరి నీళ్లలో వాననీరు కలిసింది. మొదట ఒక పిల్లాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తెల్లారేసరికి నాలుగు ఇళ్లలో అదే. బియ్యం కడిగిన నీళ్లలాగా పోతుంటే మనిషి పూటలో పీల్చుకుపోయాడు. ఒక ముసలమ్మను డోలీలో దించుతుండగా సగం దారిలోనే ప్రాణం పోయింది. మర్నాడు ఒక కుర్రాడు పోయాడు.

మూడో రోజు శిబిరం వచ్చింది. వచ్చినవాళ్లు మంచివాళ్లే, మోకాలి లోతు బురదలో నడిచొచ్చారు. ఓఆర్ఎస్ ఇచ్చారు, సెలైన్లు ఎక్కించారు, ఊరందరికీ యాంటీబయాటిక్ మాత్రలు పంచారు. నాలుగో రోజు పైనుంచి ఫోను వచ్చాక నమూనాల సంగతి గుర్తొచ్చింది. అప్పటికే మాత్రలు మింగిన ఆరుగురి దగ్గర మలద్వారం నుంచి దూదిపుల్లతో స్వాబ్ తీశారు. ఆ పుల్లల్ని ఖాళీ గొట్టాల్లో పెట్టారు, గొట్టాల్ని పాలిథిన్ కవర్లో వేశారు, కవరును బండి హ్యాండిల్‌కు తగిలించారు. మర్నాడు రెండో శనివారం, ఆ మర్నాడు ఆదివారం. సోమవారం ల్యాబుకు చేరిన పుల్లలు ఎండిపోయిన పుల్లలు. వాటిలో క్రిమి ఏదీ పెరగలేదని రాశారు.

మా పెదనాన్న పదిహేను రోజుల తర్వాత సంతలో నర్సమ్మ కనిపిస్తే అడిగాడు: "మావోళ్లకి ఏం జబ్బమ్మా?" ఆమె తల దించుకుని, "ఏమీ లేదని వచ్చింది బాబాయ్" అంది. ఏమీ లేకుండా ఇద్దరు చచ్చిపోయారా? కాగితం మీద ఏదో ఒకటి రాయాలి కదా. మామిడి టెంకల అంబలి తాగారు, కలుషిత ఆహారం అని రాశారు. తప్పు మా అంబలి కుండ మీదికి వచ్చింది.

అసలు నమూనా అంటే ఏమిటో మేం ఇక్కడ చెప్పాలి. ఆస్పత్రిలో ఎవరూ మాకు చెప్పలేదు కాబట్టి మాకు మేమే అడిగి తెలుసుకున్నాం. స్వాబ్ మొన మీదికి వచ్చేది బతికున్న క్రిమి. ల్యాబులో దానికి తిండి పెట్టి పెంచి గుర్తుపడతారు. దారిలో అది చస్తే ల్యాబులో ఎంత గొప్ప యంత్రం ఉన్నా పెరగదు. దాన్ని చంపేవి ముఖ్యంగా మూడు: ముందే మింగిన మందు, తడి ఆరిపోవడం, ఆలస్యం. మా ఊరి నమూనాకు ఈ మూడూ జరిగాయి. అలాంటప్పుడు 'పెరగలేదు' అంటే పుల్ల మీద బతికున్నది దొరకలేదని మాత్రమే అర్థం. మనిషికి ఆ జబ్బు లేదని అర్థం కాదు. ఈ తేడా ఫలితం రాసేవాళ్లకు తెలుసు. ఆ కాగితం కలెక్టరేటుకు చేరేసరికి, పేపర్‌కు ఎక్కేసరికి ఈ తేడా మాయమైపోతుంది.

మేం ఈ మాట అంటే వచ్చే మొదటి జవాబు: "కొండ మీద కరెంటు లేదు, ఐసు లేదు, ఏం చేయమంటారు?" ఈ జవాబు సగం అబద్ధం. కలరా అనుమానం ఉన్న నమూనాకు ఐసు అవసరమే లేదు. క్యారీ, బ్లెయిర్ అనే ఇద్దరు 1964లో ఒక మాధ్యమం తయారుచేశారు. పలుచటి జెల్లీలాగా గొట్టంలో ఉంటుంది. స్వాబ్‌ను అందులో గుచ్చి, బయటికి వచ్చిన పుల్లను విరిచి మూత బిగిస్తే చాలు. తడి ఆరదు. క్రిమి పెరగదు, చావదు. మామూలు వేడిలోనే రోజుల తరబడి నిలిచి ఉంటుంది. దూర ప్రాంతాల కోసమే పనికొచ్చే వస్తువు అది. అరవై ఏళ్లు దాటింది. ఇప్పటికీ మా కొండ ఎక్కే సంచిలో ఆ గొట్టం ఉండదు.

సరిగా తీస్తే ఏమవుతుందో మా పక్క కొండల్లోనే చూశాం. సరిహద్దు దాటితే ఒడిశాలో రాయగడ జిల్లా కాశీపూర్. 2001లో అక్కడి ఆదివాసీల చావుల గురించి దేశమంతా మాట్లాడింది. టెంకలు తిని చచ్చారని ఒకరు, ఆకలితో చచ్చారని ఇంకొకరు వాదులాడుకున్నారు. 2007లో అదే కాశీపూర్‌లో, చుట్టుపక్కల జిల్లాల్లో విరేచనాలు ప్రబలినప్పుడు భువనేశ్వర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం వాళ్లు రోగుల దగ్గర స్వాబులు, నీటి నమూనాలు తీసుకెళ్లి పరీక్షించారు. కలరా అని తేలింది. ఏ రకం క్రిమో తేలింది, ఏ మందుకు లొంగుతుందో తేలింది. అవే కొండలు, అదే వాన, అలాంటి మనుషులే. నమూనా బతికి చేరింది కాబట్టి జబ్బుకు పేరు దొరికింది.

ఇక పోలియో సంగతి. పిల్లాడికి కాలో చెయ్యో చచ్చుబడితే 14 రోజుల్లోపు, కనీసం 24 గంటల తేడాతో రెండు మల నమూనాలు తీయాలని నియమం పెట్టారు. వాటిని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచి 72 గంటల్లో ల్యాబుకు చేర్చాలన్నారు. టీకా పైనుంచి కిందికి చల్లగా వస్తుంది కాబట్టి నమూనా కింది నుంచి పైకి చల్లగా పోయే దారికి 'రివర్స్ కోల్డ్ చైన్' అని పేరు కూడా పెట్టారు. అప్పుడు ఐసు దొరికింది, బండి దొరికింది, మనిషి దొరికాడు. మా గూడేలకూ వచ్చారు. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో లేని దేశమని సర్టిఫికెట్ వచ్చింది. మాకు సంతోషమే, ఆ సర్టిఫికెట్‌లో మా పిల్లల కాళ్లూ ఉన్నాయి. కానీ అప్పుడు దిగిన నమూనా ఇప్పుడు ఎందుకు దిగదు? దేశం పరువుకు అవసరమైతే కొండ అడ్డం రాలేదు. మా ప్రాణానికి అవసరమైతేనే కొండ ఎత్తు పెరుగుతుందా?

2004లో సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం మొదలైంది. అందులో మూడు ఫారాలు. ఊళ్లో ఆరోగ్య కార్యకర్త లక్షణాలు చూసి రాసేది 'ఎస్'. డాక్టరు అనుమానించి రాసేది 'పీ'. ల్యాబు తేల్చి రాసేది 'ఎల్'. ఇప్పుడవి కంప్యూటర్‌లోకి వెళ్లాయి, అక్షరాలు మాత్రం అవే. మా చావులు ఎక్కువగా 'ఎస్' దగ్గరే ఆగిపోతాయి: జ్వరం, విరేచనాలు, వాపులు. 'ఎల్' దాకా వెళ్లిన జబ్బుకే పథకం వస్తుంది, టీకా వస్తుంది, మందు నిల్వ వస్తుంది, మంచినీటి పైపు మంజూరవుతుంది. 'ఎల్' గడి ఖాళీగా ఉంటే అక్కడ కలరా లేదనే లెక్క. కలరా లేని చోట ఊట బాగుచేయాల్సిన పని ఎవరికుంటుంది? మేం చెప్పిన ఊళ్లో మరుసటి ఏడు ఆషాఢానికి అదే గెడ్డ పొంగింది, అవే ఇళ్లు మంచం పట్టాయి.

ఒక్క విరేచనాల గురించే కాదు. ఆశ్రమ పాఠశాలలో పిల్లకు గొంతు వాచి మెడ ఉబ్బితే కంఠసర్పి అని అనుమానించాలి. గొంతులోని బూడిదరంగు పొర అంచు కింద నుంచి, మందు మొదలుపెట్టకముందే స్వాబ్ తీయాలి. నోట్లో పుల్ల అలా తిప్పి తీస్తే ఉమ్మే వస్తుంది. పశువు చచ్చాక దాన్ని కోసినవాళ్ల చేతుల మీద నల్లపెచ్చు కట్టిన పుండ్లు లేస్తే దొమ్మరోగం అనుమానించాలి. పెచ్చు అంచు మెల్లగా లేపి కింది తడిని తీయాలి. వైరస్ జబ్బయితే పుల్లే వేరు. నైలాన్ మొన ఉన్న ప్లాస్టిక్ పుల్ల, వైరస్ మాధ్యమం ఉన్న గొట్టం, ఐసు పెట్టె అన్నీ కావాలి. ఒక్కో జబ్బుకు ఒక్కో తీరు. కరోనా కాలంలో ఈ పని ఊరూరా నేర్పారు, చేయించారు. ఆ చేతులు ఇంకా మన దగ్గరే ఉన్నాయి.

మాకు ఎదురు చెప్పేవాళ్లు ఒక న్యాయమైన మాట అంటారు: "మనిషి చస్తుంటే ముందు వైద్యమా, నమూనానా?" ముందు వైద్యమే. ఓఆర్ఎస్, సెలైన్ ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. కంఠసర్పి అనుమానమైతే ల్యాబు కాగితం కోసం ఆగకుండా మందు మొదలెట్టాలి. కానీ స్వాబ్ తీయడానికి పట్టేది నిమిషం. ఒక చేత్తో ఓఆర్ఎస్ తాగిస్తూ రెండో చేత్తో చేయగల పని. ఊరందరి దగ్గరా తీయక్కర్లేదు. కొత్తగా జబ్బుపడి, ఇంకా మాత్ర మింగని కొద్దిమంది దగ్గర తీస్తే చాలు.

ఇంకో మాట అంటారు: "మీవాళ్లే తీయనివ్వరు, పారిపోతారు, దిసారి దగ్గరికో ఎజ్జోడి దగ్గరికో పోయి ఆలస్యంగా వస్తారు." ఇందులో నిజం ఉంది, మేం దాచం. మాలోనూ మారాల్సింది ఉంది. కానీ మా భయం ఊరికే పుట్టలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆదివాసీ హాస్టళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట చాలా ఫారాల మీద వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో దాన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. మమ్మల్ని అడగలేదన్నది మా బాధ. కువి తప్ప ఇంకో మాట రాని అవ్వను తెలుగులో గదమాయించి బట్ట తొలగించమంటే ఆమె పారిపోక ఏం చేస్తుంది? ఎందుకు తీస్తున్నారో ఆమె భాషలో చెప్పండి, చాటు చూపించండి, ఆడమనిషిని పంపండి. అప్పుడు పారిపోతే మమ్మల్ని అడగండి.

నర్సమ్మల మీద, ఆశా కార్యకర్తల మీద మాకు కోపం లేదు. వాళ్లలో సగంమంది మా ఆడపిల్లలే. గొట్టం ఇవ్వకుండా, నేర్పకుండా, బండి పంపకుండా నమూనా ఏదని వాళ్లను నిలదీయడం కూడా అన్యాయమే. మా కోపం గొట్టం కొనని ఆఫీసు మీద. మేం అడిగేవి ఇవి.

వానలకు ముందే ప్రతి కొండ ఉపకేంద్రంలో గడువు దాటని మాధ్యమం గొట్టాలు, సరైన పుల్లలు ఉండాలి. శిబిరానికి వచ్చేవాళ్ల సంచిలో మాత్రల డబ్బా పక్కనే అవి ఉండాలి. మాత్ర కంటే ముందు స్వాబ్ అన్నది ప్రతి కార్యకర్తకు చేత్తో చేయించి నేర్పాలి. గొట్టం మీద పేరు, వయసు, ఊరు, తీసిన తేదీ, గంట, అంతకుముందు మందు మింగారా లేదా రాయాలి. కారకుండా గొట్టానికి ఇంకో డబ్బా, ఆ డబ్బాకు ఇంకో పెట్టె ఉండాలి. దారిలో కారితే మోసుకెళ్లేవాడికి కూడా ముప్పే. వాన రోజుల్లో శనివారం, ఆదివారం కూడా నమూనా తీసుకునే మనిషి ల్యాబులో ఉండాలి. ఎండిపోయిన, ఆలస్యమైన నమూనా మీద 'లేదు' అని రాయకుండా 'నమూనా పనికిరాలేదు, మళ్లీ తీయాలి' అని రాయాలి.

చివరిది మాకు అన్నిటికంటే ముఖ్యం. ఫలితం వెనక్కి కొండ ఎక్కాలి. రోగి సంగతి రోగికి చాటుగా చెప్పండి, ఊరికి వచ్చిన జబ్బేమిటో గ్రామసభలో మా భాషలో చెప్పండి. మా ఒంటి నుంచి తీసుకెళ్లినది ఏం చెప్పిందో తెలుసుకునే హక్కు మాకుంది.

ఈసారి వానలకు మళ్లీ 'అంతుచిక్కని వ్యాధి' అని రాయబోయే విలేకరి మిత్రులకు మా మనవి ఒకటే. రాసేముందు అధికారిని మూడు ప్రశ్నలు అడగండి: స్వాబ్ ఎప్పుడు తీశారు? దేంట్లో పెట్టారు? ఎన్ని గంటలకు ల్యాబుకు చేరింది? జవాబులు రాకపోతే, ఆ జవాబులు రాలేదనే వార్త రాయండి.