కబాడీకి కాదు, కారీగర్‌కి ఇవ్వండి

"పాత ఎలక్ట్రిక్ గిటార్ మూగబోయిందా? కబాడీకి వేసెయ్!" ఎంత ఆసానీగా అనేస్తున్నాం! దాని పికప్‌లో ఉండేది అయస్కాంతం, చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగితీగ, వేల చుట్లు. తెగితే మళ్లీ చుట్టాలి, అంతే. చెక్క పాలిష్‌కు వడ్రంగి ఉన్నాడు.

1100 మెగావాట్ల కరెంటు పుట్టే చెల్పూర్ చుట్టుపక్కల, కాలిపోయిన పొలం మోటార్లు చుట్టేది మన వైండింగ్ భాయీలే. హునర్ అదే, ఇంకాస్త సబర్ కావాలి. వాళ్ల ఇంటి నుంచి రిష్తా వస్తే మాత్రం మొహం తిప్పుకుంటాం!

సంగీతం జాయిజా, నాజాయిజా అన్న బహస్ ఉలమా చూసుకుంటారు. చేతి కష్టం హలాల్ రోజీ అన్నదాంట్లో ఇఖ్తిలాఫ్ లేదు. దావూద్ అలైహిస్సలాం బాద్షా అయ్యుండీ తన చేతులతో ఇనుప కవచాలు చేశారు. మరి మన కారీగర్‌కి ఇజ్జత్ ఏదీ?