వానలో చూచిన మారిషసు

దూరదేశయాత్ర చేసి వచ్చినవారిని మనము మొదట అడుగు ప్రశ్న "ఏమేమి చూచితిరి?" అనునది. రెండవది "వాతావరణము అనుకూలించినదా?" అనునది. "లేదు, వాన పట్టుకొన్నది" అని బదులు చెప్పినచో వినువారు అయ్యో పాపమని జాలిపడుదురు. మారిషసు దీవిలో ఒక దినమంతయు వానలో తిరిగి వచ్చిన నాకును ఇట్టి జాలి పుష్కలముగా లభించినది. అది నాకు అక్కరలేదని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మారిషసు అగ్నిపర్వతములు కక్కిన లావాతో ఏర్పడిన దీవి. అది సముద్రముపైకి తల యెత్తి సుమారు 80 లక్షల సంవత్సరములైనది. ఇప్పుడచ్చట మండుచున్న కొండ యొక్కటియు లేదు. అట్టిదానిని చూడగోరువారు పొరుగున నున్న రీయూనియన్ దీవికి పోవలెను. వైశాల్యము 2,000 చదరపు కిలోమీటర్లకు లోబడియే కనుక ఒక్క దినములో కారుపై చుట్టిరావచ్చును. దీవి నడుమ ఎత్తైన మెట్టనేల, చుట్టును పల్లపు తీరము. ఆగ్నేయమునుండి వీచు గాలులు సముద్రముమీది తేమను తెచ్చి ఆ మెట్టకు తాకించును. అందుచేత మెట్టమీద సంవత్సరమునకు 3,000 మిల్లీమీటర్లకు మించి వర్షము పడును. పశ్చిమ తీరమున 1,000 మిల్లీమీటర్లయినను పడదు. ఈ రెంటికిని నడుమ దూరము కారులో గంటసేపైనను లేదు!

మేము బస చేసినది ఆ పశ్చిమ తీరముననే. అది జూలై నెల, అచ్చట చలికాలము. ఉదయమున తీరములో ఎండ చక్కగా కాయుచున్నది. క్యూర్‌పీపు పట్టణమునకు ఎక్కుచుండగనే సన్నని జల్లు మొదలైనది. పట్టణము చేరునప్పటికి పది గజముల దూరములోని మనిషి కానరాలేదు. అచ్చట త్రూ ఓ సెర్ఫ్ అను అగ్నిపర్వత ముఖము కలదు. ఆ పేరునకు జింకల గొయ్యి యని యర్థము. అంచునుండి అంచునకు సుమారు 300 మీటర్ల వెడల్పు గల ఆ పెద్ద గిన్నె అంచున నిలిచి మేము చూచినది తెల్లని మంచు మాత్రమే. మా ప్రక్కన నిలిచిన యొక కుటుంబమువారు విసుగుకొని, అచ్చటి పేరుపలక ముందర ఛాయాచిత్రము తీయించుకొని వెడలిపోయిరి. వారిని నేను నిందింపను. నేనును మొదట విసుగుకొంటిని.

తరువాత గ్రాన్ బాసీను చేరితిమి. అదియు పూర్వము అగ్నిపర్వత ముఖమే, ఇప్పుడు సరస్సు. 1972లో గంగాజలము తెచ్చి అందు కలిపినది మొదలు దానిని గంగా తలావ్ అనుచున్నారు. వాన చినుకులకు సరస్సు నీరంతయు గగుర్పొడిచినట్లుండెను. దర్శనము చేసికొని త్వరగనే కదలితిమి.

షమరెల్ చేరిన పిదప నా విసుగు పోయినది. అచ్చటి ఏడురంగుల నేల లోకప్రసిద్ధము. ఎరుపు, గోధుమ, పసుపు, ఊదా మొదలగు వన్నెలు గల చిన్న చిన్న దిబ్బలవి. గడ్డిపోచ కూడ మొలవని ఆ నేలను కంచె ఇవతలినుండి చూడవలెను. తడిసిన రంగులు మరింత ముదురుగా కనబడినవి. ఆ రంగులను ఎవరు వేసిరి? అగ్నిపర్వతము వేయలేదు. అది యిచ్చినది నల్లని బసాల్టు రాయి మాత్రమే. వెచ్చని వాననీరు లక్షల సంవత్సరములు ఆ రాతిలోనికి ఇంకి, సిలికాను కరగించి కొనిపోగా ఇనుము, అల్యూమినియము ఆక్సైడులు మిగిలినవి. ఆ మిగిలినవాటి వన్నెలే ఇవి. కనుక ఎండలో వచ్చి ఈ నేలను చూచువాడు చిత్తరువును చూచుచున్నాడు. వానలో వచ్చినవానికి చిత్రకారుడే పనిలో నుండగా కనబడును. ఇట్టి దీవిలో వానను పాడురోజుగా లెక్కించుట నాకు తగదని తోచినది. అగ్ని రాతిని కక్కినది, వాన దానిని మన్ను చేసినది. ఆ మన్నే లేకున్న అచ్చట చెరకు లేదు, చెరకు లేకున్న అచ్చటికి మనవారు పోయి యుండరు.

మనవారి మాట వచ్చినది కనుక, ఆ దినమున నా మనస్సును పట్టుకొన్న దృశ్యమును చెప్పెదను. అది ఏ యాత్రికుల పట్టికలోను లేదు. తిరుగుదారిలో చెరకుతోటల నడుమ పెద్ద పెద్ద రాళ్ల గుట్టలు కనబడినవి. కొన్ని మెట్లుమెట్లుగా, గోపురములవలె పేర్చియున్నవి. ఎండలో బూడిదవన్నెతో నుండి కంటికానవేమో గాని, వానకు తడిసి నల్లగా నిగనిగలాడుచు, పచ్చని చెరకు నడుమ నొక్కొక్కటియు నిలిచి పలుకరించినట్లుండెను. లావానేలను దున్నవలెనన్న ముందుగా రాళ్లను ఏరవలెను. పూర్వము బానిసలు ఏరిరి. 1835లో బానిసత్వము రద్దయిన పిమ్మట కూలి ఒప్పందముపై భారతదేశమునుండి వచ్చినవారు ఏరిరి. యంత్రములు వచ్చినది బహుకాలమునకు. 1834 మొదలుకొని 20వ శతాబ్దపు ఆరంభమువరకు సుమారు నాలుగున్నర లక్షలమంది అట్లు వచ్చిరి. తొలినాళ్లలో పురుషునికి నెలజీతము 5 రూపాయలు. ఆ వచ్చినవారిలో తెలుగువారును కలరు. వారిని ఆ దీవిలో కోరంగివారని పిలిచెడివారు.

కోరంగి! మన యానాము పొరుగున, కాకినాడకు పోవు బస్సు దాటిపోవు కోరంగియే. ఒకప్పుడది ఓడలు కట్టు రేవు. 1839 నవంబరు 25న వచ్చిన తుఫాను దానిని ముంచివేసినది. ఇప్పుడు మన పిల్లలను కోరంగి యేమిటని అడిగినచో మడ అడవులని మాత్రమే చెప్పుదురు. సముద్రమునకు ఆవల ఒక జాతినే ఆ రేవు పేరుతో పిలిచిరని ఎరిగినవారు మా ఉపాధ్యాయులలోనే అరుదు. నేనును అచ్చటికి పోవువరకు ఎరుగను.

మా కారు నడిపిన పెద్దాయన అట్టివారి సంతతివాడు. అమ్మోరు పండుగ, రామభజనము, సింహాద్రి అప్పన్న పూజ తమ ఇంట జరుగునని గర్వముగా చెప్పెను. ఇంటిలో మాటలాడునది మాత్రము క్రియోలు భాష. మా సంభాషణమంతయు ఇంగ్లీషులోనే జరిగినది. రాళ్లగుట్ట యొకదాని చెంత కారు నిలిపి, అద్దము కొంచెము దించి, చేయి బయట పెట్టి, "మంచి వాన" అనెను. ఆ రెండు మాటలే తెలుగు. మరల అద్దమెత్తి ఇంగ్లీషులోనికి వచ్చెను. 1999లో వర్షములు లేక చెరకు ఎండిపోయినప్పుడు తాము పడిన పాట్లను చెప్పెను. తీరమున ఎండ కావలెనని వచ్చు యాత్రికునికి త్రాగునీరు మెట్టమీది వానవలననే గదా వచ్చుచున్నది అని నవ్వెను.

వాన ఎల్లప్పుడు మేలే చేయునని నేననను. 2013 మార్చి 30న ఆ దీవి రాజధాని పోర్టు లూయీలో ఆకస్మికముగా వచ్చిన వరదకు 11 మంది మరణించిరి. గౌతమి వరదలను ఎరిగిన మనకు ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. నా వాదము సన్నని జల్లును చూచి బసలో తలుపులు మూసికొని కూర్చుండువారితోనే. వారు జింకల గొయ్యిని మరునాడు చూడవచ్చును. నేను మాత్రము మరునాడు ఎండలో అదే దారిన పోయినప్పుడు ఆ గుట్టలను వెదకవలసి వచ్చినది. అవి మరల బూడిదవన్నెలో దాగికొన్నవి.

మన పాఠశాల విహారయాత్రకు ప్రతియేడును డిసెంబరు మాసమునే ఏర్పరచుచున్నారు, వాన లుండవని. ఈసారి శ్రావణమున ఒక ఆదివారము కోరంగికి పోవుదమని ప్రధానోపాధ్యాయులకు మనవి చేసితిని. దూరము స్వల్పము, ఖర్చు బస్సు ఛార్జీయే. ఓడలు కట్టిన ఏటి ఒడ్డు ఏదో, అచ్చటి వృద్ధులు ఏమి చెప్పుదురో వినివత్తము. జల్లు పడినచో పడనిండు. తొమ్మిదవ తరగతివారు ఇప్పటికే పేర్లిచ్చిరి. తక్కినవారు గొడుగులు చూచుకొని వచ్చేవారము లోపల ఇయ్యవలెను.