తన ఎవాల్ తానే వ్రాసికొను ఆచారము





ఈ పత్రిక గత సంచికలో ఒక తండ్రిగారు, అమెరికా నౌకాదళమున సెకండ్ క్లాస్ పెట్టీ ఆఫీసరుగా నున్న తమ కుమారునికి పరీక్షలో మంచి మార్కులు వచ్చియు ఫస్ట్ క్లాస్ హోదా రాకపోవుటను గూర్చి వాపోవుచు, పదోన్నతులన్నియు పరీక్షమీదనే నడువవలెననియు, పై యధికారుల అభిప్రాయమునకు అందు చోటుండరాదనియు వ్రాసిరి. ఆ దళముననే చీఫ్ పెట్టీ ఆఫీసరుగా పనిచేసి విరమించినవాడను గనుక వారి బాధ నాకు తెలియనిది కాదు. అయినను వారు చెప్పిన మందు ఆ రోగమునకు పనికిరాదని మనవి చేయుచున్నాను.

నౌకాదళమున ఖాళీ లేనిదే పదోన్నతి లేదు. ప్రతి వృత్తిశాఖకును తన ఖాళీలు తనకు వేరుగా నుండును గనుక, ఒక శాఖలో మధ్యరకపు మార్కులవాడు పైకి పోవుచుండగా, మరియొక శాఖలో అంతకంటె మిన్నగా వ్రాసినవాడు ఉన్నచోటనే నిలిచిపోవుట కలదు. ఉత్తీర్ణులై ఖాళీ దొరకనివారిలో మిన్నయైనవారికి కొన్ని పాయింట్లు తరువాతి పరీక్షకు జమ పడును. పరీక్ష మార్కులు, ఏటేట పై యధికారులు వ్రాయు ఎవాల్యుయేషను (ఎవాల్), ఆ హోదాలో గడిపిన కాలము, పతకములు, ఈ జమ పాయింట్లు, ఇవన్నియు కలిసిన మొత్తముపై వరుస తేలును. పరీక్షను మాత్రమే కొలబద్దగా నుంచినచో, తుపానులో పంపు బాగుచేయుచు రాత్రులు మేలుకొన్నవానికంటె, తీరికగా పుస్తకము ముందు కూర్చున్నవాడే ముందు పోవును. ఆ న్యాయమును ఆ తండ్రిగారును ఒప్పుకొనరని నా నమ్మకము.

ఇక ఎవాల్ సంగతి. ఇప్పటి పద్ధతి 1996లో వచ్చినది. అంతకు పూర్వము 4.0 మార్కు పరమావధిగా నుండిన కాలమున, ఆ మార్కు వీరికి వారికి అనక అందరికిని పడుచు వచ్చి, తుదకు ఎవరు ఎక్కువో ఎవరు తక్కువో తెలియని స్థితి యేర్పడినది. కావున క్రొత్త పత్రమున ఏడు గుణములకు 1.0 మొదలు 5.0 వరకు మార్కులుంచి, పదోన్నతికై చేయు పై తరగతి సిఫారసులకు హద్దు గీచిరి. ‘ఎర్లీ ప్రమోట్’ నూటికి ఇరువదిమందికి మించి ఇయ్యరాదు. సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ వారిలో అదియును ‘మస్ట్ ప్రమోట్’ను కలిపి నూటికి అరువదికి మించరాదు. ఓడలో సెకండ్ క్లాసువారు పదిమంది యున్నచో ఇద్దరికి మొదటిది, నలుగురికి రెండవది, తక్కిన నలుగురికిని ‘ప్రమోటబుల్’. ఆ నలుగురును పనిదొంగలు కానక్కరలేదు. మంచివారు పదిమంది చేరిన ఓడలో ఏడవవాడగుట వారి నేరమా? పక్షపాతము ఎచ్చటను లేదని నేననను. కాని పక్షపాతముకంటె ముందుగా కోత కోయునది ఈ లెక్క.

లెక్క యిట్లున్నచోట పత్రమున వ్రాసిన మాటకు విలువ పెరుగును. నా అసలు ఫిర్యాదు ఇచ్చటనే కలదు. పత్రముపై రేటరు, సీనియర్ రేటరు, కప్టెను అని ముగ్గురి సంతకములుండుటనుబట్టి ఆ ముగ్గురును నావికుని పనిని గమనించి వ్రాయుదురని బయటివారు తలచెదరు. పెక్కు విభాగములలో జరుగునది వేరు. గడువు దగ్గరపడగానే (సెకండ్ క్లాసువారికి మార్చి 15, ఫస్ట్ క్లాసువారికి నవంబరు 15) చీఫ్ వచ్చి, “నీ బ్రాగ్ షీటు (నీవు చేసిన పనుల జాబితా) ఏదీ? ఎవాల్ ముసాయిదా కూడ నీవే వ్రాసి తే” అనును. కుర్రవాడు తన్ను గూర్చి తానే వ్రాసికొని పోవును. పైవారు నాలుగు మాటలు దిద్ది సంతకము చేయుదురు. ఏడాది పొడుగున ఒకడు చేసిన సేవకు సాక్ష్యము చెప్పవలసినవాడు, ఆ సాక్ష్యమును ఆ సేవ చేసినవానిచేతనే వ్రాయించుకొనుచున్నాడన్నమాట!

దీనివలన నష్టపోవువారెవరు? కలము చురుకైనవాడు నష్టపోడు. ఇంగ్లీషు ఇంటి భాష కానివాడు, మితభాషి, తన పని తాను చూచుకొనుటయే మర్యాదయని పెరిగినవాడు నష్టపోవును. కర్ణపర్వమున, గాండీవమును వేరొకరికిమ్మన్న ధర్మరాజుపై కత్తి దూసి, పిదప పశ్చాత్తాపముతో ప్రాణత్యాగమునకు సిద్ధపడిన అర్జునునితో శ్రీకృష్ణుడు, తన్ను తాను పొగడుకొనుము, అదియే ఆత్మహత్యతో సమానమని ఉపాయము చెప్పెను. ఆ కథ వినియో వినకయో, మన యిండ్లలో పెరిగిన పిల్లలకు ఆ సంకోచము రక్తములో నుండును. అట్టివానిచేతికి తెల్లకాగితమిచ్చి పొగడుకొమ్మన్నచో వాడేమి వ్రాయును? “కష్టపడి పనిచేయువాడు, విశ్వాసపాత్రుడు, అందరితో కలిసిమెలిసి యుండును” అని వ్రాయును. ప్రక్కవాడు “ముగ్గురు జూనియర్లకు నేర్పుచు, యార్డుకు పంపవలసిన ఉప్పునీటి పంపును ఓడలోనే విప్పి బిగించి, ప్రయాణము ఒక దినమైనను ఆగకుండ చేసెను, పన్నెండుగురు సెకండ్ క్లాసులలో ప్రథముడు” అని వ్రాయును. మొదటివాడును ఆ పంపుమీదనే పనిచేసి యుండవచ్చును, బహుశః ఎక్కువగానే చేసియుండవచ్చును.

వ్రాతకున్న చోటు ఇరువది పంక్తులైనను లేదు. చీఫ్ హోదాకు ఎన్నిక జరుగునప్పుడు టెనెసీ రాష్ట్రములోని మిల్లింగ్టనున కూర్చుండు బోర్డువారు ఆ మనిషిని ఎన్నడును చూచినవారు కారు. వారికి కనబడునవి ఆ పంక్తులు, ఆ మార్కులు, ఆ కప్టెను సాధారణముగా వేయు సగటుకు ఇవి ఎక్కువయో తక్కువయో చెప్పు అంకె. అందు విశేషణముల వరుస కంటబడగానే పేజీ తిరుగును. ఎందరికి నాయకత్వము వహించెను, ఏ పని, ఎంత కాలములో, దానివలన ఓడకు కలిగినదేమి, తోటివారిలో ఎన్నవవాడు, ఈ ప్రశ్నలకు జవాబు ఉన్నచో కన్ను ఆగును. ఈ జవాబులు చెప్పగలవాడు పై యధికారియే. ‘పన్నెండుగురిలో ప్రథముడు’ అని ఏ నావికుడైనను తన్ను గూర్చి తాను ఎట్లు నిర్ణయించుకొనును?

కనుక నేను కోరునది ఇది: నావికుడు ఏమేమి చేసెనో తెలుపు జాబితాను మాత్రమే ఇయ్యవలెను. వాక్యము చీఫ్ వ్రాయవలెను. చీఫులకు తీరిక లేదందురు. పదిమందిని చేతికింద నుంచుకొన్నవాడు నెలకొకసారి ఒక్కొక్కని పేరున రెండు పంక్తులు నోటుబుక్కులో వ్రాసికొన్నచో, ఏడాది చివర ముసాయిదాకు ఒక సాయంకాలము చాలును. అది కూడ భారమనువాడు ఆ హోదాను, 1893 నుండి వచ్చుచున్న ఆ గౌరవమును, ఏ పనికై కోరుకొనెనో నాకు బోధపడదు.

ఆ తండ్రిగారికి ఒక మాట. కుమారుని పరీక్ష మార్కులు అడుగుట మాని, ఏడాది నడుమ జరుపవలసిన కౌన్సెలింగు జరిగినదా, జరిగినచో చీఫ్ ఏ లోపము చూపెను అని అడుగుడు. ఎవాల్‌పై సంతకము చేయునప్పుడు తన అభ్యంతరమును వ్రాతపూర్వకముగా జతపరచు హక్కు నావికునికి కలదు. దానికి రెండేండ్ల గడువు కూడ కలదు. సంకోచముచేత మనవారు పత్రమున ఆ హక్కును తెలుపు గడిని చదువకయే సంతకము చేసి వచ్చుచున్నారు.

ఇట్లు,
విరమించిన ఒక చీఫ్ పెట్టీ ఆఫీసరు,
నార్ఫోక్, వర్జీనియా