ఆటలో బడి: మొలకలూ, కిరీటాలూ

"మా వాడు రాత్రి తొమ్మిదింటికి క్లాసుందమ్మా అని తలుపేసుకుంటున్నాడు. పోనీలే, బుద్ధిగా చదువుకుంటున్నాడు కాబోలు అని పాలగ్లాసు పట్టుకెళితే ఏముందీ, కత్తులూ డాళ్లూ పట్టుకుని ఎవరో ఎనిమిదిమంది ఒక భూతం చుట్టూ గంతులేస్తున్నారు! ఇదేం క్లాసండీ?" అని ఒక సోదరి ఉత్తరం రాశారు. ఇలాంటి ఉత్తరం రావడం ఇది మొదటిసారి కాదు. అందుకని ఈ వారం ఈ క్లాసుల భాగోతమేమిటో చెప్పుకుందాం. వంటింటిని మరీ అంత దూరం వదిలిపెట్టంలెండి, మధ్యలో వంట కూడా వస్తుంది.

ముందు ఒక మాట. ఆన్‌లైన్ ఆట అనగానే మనలో చాలామందికి రమ్మీ, పందేలు, ఇల్లు గుల్ల కావడం గుర్తొస్తాయి. అవి వేరు. డబ్బు ఒడ్డి ఆడే ఆటల్ని మన దేశంలో 2025లో చట్టం చేసి నిషేధించారు. నేను చెప్పబోయేవి కథల ఆటలు. చందమామ కథల్లో ఉన్నట్టు రాజ్యాలు, మాంత్రికులు, రాక్షసులు ఉంటారు. దేశదేశాల వాళ్లు తలో బొమ్మని వేషం కట్టించి ఒకే లోకంలో తిప్పుతారు. ఆ లోకంలో బతకాలంటే విద్య నేర్చుకోవాలి. అందుకే బడి!

నాకీ సంగతులన్నీ ఎలా తెలుసంటారా? మా అక్క కూతురు న్యూజెర్సీలో చదువుకుంటోంది. సెలవులకి వచ్చినప్పుడు "పిన్నీ, ఇలా కూర్చో" అని పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది. అది ఆడేది ఫైనల్ ఫాంటసీ ఫోర్టీన్ అనే ఆట. జపాన్‌లోని స్క్వేర్ ఎనిక్స్ అనే కంపెనీ తయారుచేసింది. 2010లో మొదట విడుదల చేస్తే ఆడినవాళ్లంతా పెదవి విరిచారట. కంపెనీ వాళ్లు సిగ్గుపడి ఊరుకోలేదు. 2012లో ఆ పాత ఆటని మూసేసి, దాదాపు మొదటినుంచీ మళ్లీ కట్టి 2013 ఆగస్టులో కొత్తగా తెరిచారు. ఆ లోకం పేరు ఎయోర్జియా.

అందులో వంట కూడా ఒక వృత్తే! వడ్రంగం, కమ్మరం, కంసాలి పని, తోలుపని, నేత, ఇలా ఎనిమిది చేతివృత్తుల్లో వంట ఒకటి. కులినేరియన్ అంటారు. లిమ్సా లొమిన్సా అనే రేవుపట్నంలో బిస్మార్క్ అనే పెద్ద హోటలుంది. వంటవాళ్ల సంఘం అక్కడే. దాని పెద్ద పేరు లింగ్సాత్. (పేరు వినగానే మన లింగయ్యగారేమో అనుకుని నేను నవ్వితే, మా పిల్లకి చాలాసేపు అర్థం కాలేదు.) ఈయన మనిషి కాదు, ఆట తయారుచేసినవాళ్లు పెట్టిన బొమ్మ గురువు. ఈయన పాఠం ఎలా ఉంటుందంటే, ఉపన్యాసాలు తక్కువ. "ఫలానాది చేసి పట్రా" అంటాడు. చేసి పట్టుకెళితే పైమాట చెబుతాడు. మళ్లీ అయిదు మెట్లు ఎక్కాకగానీ కొత్త పాఠం లేదు.

మరి చెయ్యడం ఎలా? మీట నొక్కితే వంట అయిపోతుందనుకున్నాను. అలా కాదు. పని ఎంతయిందో చూపించే గీత ఒకటి, నాణ్యత ఎంతుందో చూపించే గీత ఇంకొకటి ఉంటాయి. గిన్నె ఎంతసేపు ఓర్చుకుంటుందో చెప్పే అంకె కూడా ఒకటుంటుంది. ఆ అంకె 40 అనుకోండి, మనం చేసే ఒక్కో పనికీ మామూలుగా 10 తరుగుతుంది. అంటే చేతిలో ఉన్నవి నాలుగు అడుగులు. వాటిలో ఎన్ని రుచికి వాడాలి, ఎన్ని పని ముగించడానికి వాడాలి? రుచి మీద మోజుతో ఆలస్యం చేస్తే పని పూర్తికాకముందే అంకె సున్నా అయి సరుకంతా పోతుంది. హడావుడిగా ముగిస్తే వంటయితే అవుతుందిగానీ మేలురకం రాదు. అరిసెల పాకం పట్టినవాళ్లకి ఇది విడమరచి చెప్పాలా? తీగపాకం దాటి ఉండపాకం వచ్చే ఆ నిమిషంలో మనం చేసే లెక్క సరిగ్గా ఇదే. నేను ఇంటర్ తర్వాత ఏ క్లాసులోనూ కూర్చోలేదుగానీ ఈ పాఠం మాత్రం గబుక్కున తలకెక్కింది.

ఇక యుద్ధవిద్యకి వద్దాం. చిన్న సాహసాలకి నలుగురు వెళతారు. దెబ్బలు తన మీద వేసుకునేవాడు ఒకడు, గాయాలు మాన్పేవాడు ఒకడు, కొట్టేవాళ్లు ఇద్దరు. పెద్దవాటికి ఎనిమిదిమంది. తన పని తనకి తెలియకపోతే మిగిలినవాళ్లంతా చస్తారు. అందుకని 15వ మెట్టు దగ్గర కొత్తవాళ్లకి ఒక సాముగరిడీ ఉంది. నేల మీద రంగు పడిన చోటునుంచి తప్పుకోవడం, శత్రువు దృష్టిని తన వైపు తిప్పుకోవడం, ఇలా ఒక్కో పాఠం ఒక్కో పరీక్ష. బొమ్మల మధ్యే కాబట్టి ఎన్నిసార్లు తప్పినా నవ్వేవాళ్లుండరు. అన్నీ పూర్తిచేస్తే ఒక ఉంగరం ఇస్తారు. అది పెట్టుకుంటే 30వ మెట్టుదాకా అనుభవం నూటికి 30 పాళ్లు ఎక్కువ వస్తుంది.

ఇంతవరకూ యంత్రం నేర్పే చదువు. అసలు సంగతి మనుషులు మనుషులకి నేర్పే చోట ఉంది.

కొత్తగా చేరినవాళ్ల పేరు పక్కన ఒక చిన్న పచ్చని మొలక గుర్తు ఉంటుంది. సుమారు 300 గంటలు ఆడి, కథలో ఒక ఘట్టం దాటేదాకా అది పోదు. నాకది చాలా నచ్చింది. కొత్త కోడలు కాపురానికి వచ్చిన మొదటి సంవత్సరం ఇలాంటి గుర్తేదైనా ఉంటే ఎంత బాగుండేది! "దీనికింకా ఈ ఇంటి పద్ధతులు తెలియవు, కాస్త చూసుకోండి" అని వేరే ఎవరూ చెప్పక్కర్లేకుండా ఉండేది. ఇంకొకటి చూడండి. గుంపులో ఒక్కరు ఆ చోటికి మొదటిసారి వస్తున్నా, ముగించాక అందరికీ అదనంగా బహుమతి ఉంటుంది. ఆ సంగతి ముందే తెరమీద రాసి చూపిస్తారు. దాంతో కొత్తవాడు బరువు కాదు, లాభం! విసుక్కునే నోళ్లు సగం అక్కడే మూతపడతాయి.

నేర్పేవాళ్ల పేరు పక్కన కిరీటం గుర్తు. వాళ్లని మెంటర్లంటారు. 2016లో వచ్చిన ఏర్పాటిది. కొత్తవాళ్లూ మెంటర్లూ కలిసి మాట్లాడుకోవడానికి విడిగా ఒక సావడి కూడా పెట్టారు. "ఈ తలుపు ఎలా తియ్యాలి?" దగ్గర్నుంచి ఏదైనా అడగొచ్చు. కిరీటం ఊరికే రాదు. ప్రతి సాహసం చివరా తోటివాళ్లలో ఒకరికి "శభాష్" అని ఒక మెప్పు ఇవ్వొచ్చు. తనకి తాను ఇచ్చుకోకూడదు, కూడా తెచ్చుకున్న స్నేహితులకీ ఇవ్వకూడదు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇచ్చిన అలాంటి మెప్పులు 1,500 పోగవ్వాలి. ఇంకా వెయ్యి సాహసాలనీ, మరొకటనీ షరతులున్నాయి.

ఇంత గట్టిగా పెట్టారు కదా, కిరీటమున్న ప్రతివాళ్లూ మంచి గురువులేనా? కాదంది మా పిల్ల. ఎందుకంటే, మెంటరుగా వెళ్లి 2,000 సాహసాలు పూర్తిచేస్తే ఒక అందమైన రెక్కల గుర్రం ఇస్తారు. ఆ గుర్రం కోసం వచ్చేవాళ్లకి మొలక అడిగే ప్రశ్న ఆలస్యం కిందే లెక్క. "నా వెనకాల పరిగెత్తు, చాలు" అంటారు. పరిగెత్తుతాడు, గెలుస్తాడు, ఏమీ రాదు. ట్యూషన్ మాస్టారు లెక్క తనే చేసేసి పిల్లాడి పుస్తకంలో టిక్కు పెట్టినట్టు! అదే ఆటలో కిరీటం లేకుండా ఓపిగ్గా నేర్పేవాళ్లు బోలెడంతమంది. నేను చూసిన రోజు ఒకరు గుహ మధ్యలో ఆగి, కొత్తవాడికి నాలుగు ముక్కలు టైపు చేసి, "ఇప్పుడు నువ్వు ముందు నడువు, నేను వెనక ఉంటా" అన్నారు. వాళ్ల పేరు పక్కన కిరీటం లేదు, ఏ గుర్తూ లేదు.

ఈ జబ్బు కొత్తదేం కాదు. 1999లో ఎవర్‌క్వెస్ట్ అనే ఆట వచ్చింది. అందులో ఒక్కో జాతికి ఒక్కో భాష. రాని భాషలో ఎవరైనా మాట్లాడితే తెరమీద అక్షరాలు కలగాపులగంగా కనిపిస్తాయి. అది వచ్చినవాళ్ల గుంపులో కూర్చుని వింటూ ఉంటే కొద్దికొద్దిగా అర్థమవుతుంది. మార్కులు వందదాకా. ఎంత చక్కటి ఆలోచనో చూడండి. మద్రాసులో కాపురం పెట్టినవాళ్లు తమిళం నేర్చుకోవడం ఇలాగే కదా. కానీ జనం ఏం చేశారూ? గురువు ఒకే వాక్యాన్ని పదేపదే పంపుతాడు, శిష్యుడు కూర్చుంటాడు, మార్కు పెరుగుతుంది. మాటకి అర్థం అక్కర్లేదు. మీటకి ఒక వాక్యం కట్టేసి నొక్కుతూ ఉంటే చాలు. బట్టీ చదువంటే ఇంతకన్నా ఏముంటుంది?

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది ఇంకో ఆట. టోల్కీన్ కథల మీద 2007లో వచ్చిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ఆన్‌లైన్. అందులో మిన్‌స్ట్రెల్ అని గాయకవృత్తి ఉంది. వాళ్లు తమకి వచ్చిన వాద్యం ఇంకొకరికి నేర్పొచ్చు. ఒక్కసారి నేర్పితే చాలు, అది ఆ మనిషిది అయిపోయింది. నేర్పినందుకు కిరీటమూ లేదు, గుర్రమూ లేదు. కానీ నేర్పడమంటే వాద్యం పట్టుకునే హక్కు ఇవ్వడమే. స్వరాలు మాత్రం ఎవరికివారు మీటలమీద వాయించుకోవాలి, లేదా పాటని ప్రత్యేకమైన లిపిలో రాసుకుని తెచ్చుకోవాలి. అలా నేర్చినవాళ్లు బృందాలు కట్టి, 2009లో వెదర్‌స్టాక్ అని ఒక సంగీతోత్సవం మొదలుపెట్టారు. వెదర్‌టాప్ అనే కొండమీదికి జనం బారులుతీరి ఎక్కి కచేరీ వింటారు. ఎవరో ఒక సాయంత్రం ఊరికే ఇచ్చిన వీణ ఎక్కడిదాకా వెళ్లిందో చూశారా!

సరే, రాత్రి తొమ్మిదింటి క్లాసు సంగతి. ఎనిమిదిమంది కలిసి పెద్ద భూతాన్ని కొట్టడం నేర్చుకునే క్లాసుకి ముందుగా ఒక పలక మీద ప్రకటన పెడతారు. "అభ్యాసం కోసం" అనో, "గెలుపు కోసం" అనో అందులోనే చెప్పాలి. అభ్యాసం అని ఉన్నచోట రానివాడిని ఎవరూ తిట్టకూడదు, అది మర్యాద. లోపలికి వెళ్లాక నేలమీద ఏ, బీ, సీ, డీ అనీ, ఒకటి, రెండు అనీ గుర్తులు పెడతారు, మనం ముగ్గుకి చుక్కలు పెట్టుకున్నట్టు. "మొదటి మంట పడగానే నువ్వు బీ దగ్గరికి, నువ్వు రెండు దగ్గరికి" అని ఎవరి చోటు వారికి చెబుతారు. మొదలుపెడతారు, అరనిమిషంలో అంతా చస్తారు. లేస్తారు. ఎక్కడ తప్పిందో చెప్పుకుంటారు. మళ్లీ. చచ్చినందుకు బట్టలు కాస్త అరుగుతాయంతే, మరమ్మతు చేయించుకుంటే సరి. గంట గడువులో ఇలా ఎన్నిసార్లో. మొదటిరోజే గెలవాలనే పంతం ఎవరికీ ఉండదు. నిన్నటికన్నా పది క్షణాలు ఎక్కువ నిలబడితే అదే ఆనాటి పాఠం.

ఇక్కడే అమ్మలకి అవసరమైన కిటుకుంది. "అన్నం చల్లారిపోతోంది, రా" అంటే వాడు రాకపోవడం ఎప్పుడూ పొగరు కాదు. మధ్యలో లేస్తే మిగిలిన ఏడుగురి గంటా గంగలో కలుస్తుంది. కొన్నిచోట్ల అలా లేచిపోయినవాళ్లని అరగంటసేపు మళ్లీ లోపలికి రానివ్వరు కూడా. అందుకని పిలవాల్సింది క్లాసులో ఉండగా కాదు, క్లాసులోకి వెళ్లకముందు. "ఇప్పుడు వెళితే ఎంతసేపు?" అని అడగండి. నలుగురి గుహ అయితే అరగంట లోపే తేలిపోతుంది, ఎనిమిదిమందిది అయితే గంట. భోజనం దానికి ముందో వెనకో నిక్కచ్చిగా చెప్పండి. ఆలస్యమైతే ఆ రోజుకి క్లాసు లేదు అనే హక్కు మీకుంది. నేనైతే పరీక్షల నెలలో అసలు ఒప్పుకోను.

ఇంకొకటి. నేర్పేవాళ్లు ఎవరో, ఏ వయసువాళ్లో మనకి కనిపించరు. కాబట్టి పిల్లల్ని అడగాల్సినవి అడగాలి. మంచి గురువుకి మన పాస్‌వర్డ్ అవసరం లేదు, ఫోటో అవసరం లేదు, ఊరూ బడీ అవసరం లేదు. "నీ బదులు నేను ఆడి పెడతా, పాస్‌వర్డ్ ఇవ్వు" అన్నవాడు గురువు కాదు. ఆటలోని డబ్బుని నిజం డబ్బుకి అమ్ముతామనేవాళ్లూ తిరుగుతుంటారు. అది కంపెనీ నిబంధనలకే విరుద్ధం, పట్టుబడితే ఖాతా ఊడుతుంది. "మన మాటలు ఇంట్లో చెప్పకు" అనే మాట ఎవరినుంచి వచ్చినా ఆ పూటే మాట్లాడటం ఆపించండి. అలాంటివాళ్ల మీద ఫిర్యాదు చేసే ఏర్పాటు ఆటలోనే ఉంటుంది, ఎక్కడుందో పిల్లల్నే చూపించమనండి.

ఒక ఆదివారం పక్కన కూర్చుని "నీకేం నేర్పారు, నాకు చేసి చూపించు" అనండి. చేసి చూపించగలిగితే క్లాసు సాగుతున్నట్టే. "నాకు తెలీదు, వాళ్ల వెనకాల వెళ్లానంతే" అన్నాడనుకోండి, గురువుని మార్చుకోమనండి.

ఉత్తరాల్లో ఇద్దరు సోదరీమణులు అరిసెలు నూనెలో విడిపోతున్నాయని రాశారు. పాకం పేరు ఎలాగూ ఎత్తాను కాబట్టి వచ్చేవారం దాని సంగతే చూద్దాం. తడి బియ్యప్పిండి అర కిలో, బెల్లం పావుకిలో పైచిలుకు సిద్ధంగా పెట్టుకోండి.