సంతకానికి పూచీ ఎవరిది?

మన ఊళ్లలో ఇంటి ప్లాన్ మీద సంతకం సంపాదించడం కష్టమేమీ కాదు. మున్సిపల్ ఆఫీసు ఎదుటి జిరాక్స్ షాపుల వరుసలో వాకబు చేస్తే పని జరిగిపోతుంది. స్థలం చూడని మనిషి, యజమాని ముఖం ఎరగని మనిషి ఆ కాగితానికి పూచీ పడతాడు. కాగితం మీద ఇంటి చుట్టూ నిబంధనల ప్రకారం ఖాళీ వదిలినట్టే ఉంటుంది. లేచిన ఇంటిని పోయి చూస్తే పక్కింటి గోడకూ దానికీ మధ్య చెయ్యి దూరదు. మెట్లు మురుగుకాలువ మీదికి దిగుతాయి. స్టిల్టులో కారు పెట్టాల్సిన చోట కొట్టు షట్టరు కనిపిస్తుంది. ఈ సంతకాల బేరాన్ని ఆపాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని అందరూ అంటారు. అంతకంటే ముందు అది ఆర్కిటెక్టుల సంఘానిదని మేమంటున్నాం. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్‌కు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్న చాప్టర్లు ఈ పనిని తమదిగా ఎత్తుకోవాలి.

ఇప్పుడే ఎందుకంటే, అనుమతుల పద్ధతే మారిపోయింది. తెలంగాణలో 2020లో వచ్చిన భవన అనుమతుల చట్టం టీఎస్ బీపాస్ 75 గజాల లోపు ఇంటికి అనుమతి అక్కర్లేదంది. 600 గజాల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాటని ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ మీదే తక్షణ అనుమతి ఇచ్చే పద్ధతి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025లో స్వీయ ధ్రువీకరణ పద్ధతి మొదలైంది. ఇది మంచి మార్పే. టౌన్ ప్లానింగ్ విభాగం చుట్టూ నెలల తరబడి తిరిగి, బల్ల కింద చేతులు తడిపిన జనానికి ఎంతో కొంత ఊరట దొరికింది. కానీ అధికారి ముందస్తు తనిఖీ పక్కకు తప్పుకున్నకొద్దీ ప్లాన్ గీసిన నిపుణుడి నిజాయతీ మీద భారం పెరుగుతుంది. ఆ నిజాయతీని కాపాడే ఏర్పాటు మాత్రం పాతచోటే ఉండిపోయింది.

అందుకు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఉంది కదా అనవచ్చు. ఉంది. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఇచ్చేదీ, తప్పు చేశాడని తేలితే పేరు తొలగించేదీ అదే. వృత్తి ప్రవర్తన నియమావళి కూడా 1989 నుంచి అమల్లో ఉంది. అయితే ఢిల్లీలో ఉన్న కౌన్సిల్‌కు నంద్యాలలోనో నిజామాబాద్‌లోనో ఎవరు ఎన్ని ప్లాన్ల మీద కళ్లు మూసుకుని సంతకం చేస్తున్నారో ఎలా తెలుస్తుంది? ఫిర్యాదు వెళ్తేనే తెలుస్తుంది. ఇల్లు కట్టుకున్న సామాన్యుడికి కౌన్సిల్ అనేది ఒకటుందన్న సంగతే తెలియదు. స్థానికంగా ఎవరేమిటో ఎరిగినవాళ్లు సాటి ఆర్కిటెక్టులే. పైగా ఆ చట్టం కాపాడేది ఆర్కిటెక్టు అన్న హోదాను మాత్రమేననీ, రిజిస్టర్ కానివాళ్లు డిజైన్ పని చేయడాన్ని అది నిషేధించదనీ 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక ఈ వృత్తికి మిగిలిన రక్షణ దాని పరపతే. ఆ పరపతిని సంతలో పెట్టి అమ్మేవాడిని సాటివాళ్లే వెనకేసుకొస్తే జనం ఆర్కిటెక్టు దగ్గరికి పోవడం దేనికి? మేస్త్రి చాలనుకుంటారు.

చాప్టర్ల బాధ్యత సంతకాలతోనే ఆగదు, జనం ప్రాణాల రక్షణలోనూ వాటికి పాత్ర ఉంది. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట్లో 17 మంది మంటలకు, పొగకు బలైపోయారు. వారిలో పసిపిల్లలున్నారు. లోపలికీ బయటికీ ఒకటే ఇరుకు దారి. అంతకు రెండేళ్ల ముందు, 2023 మార్చిలో, సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఊపిరాడక ఆరుగురు యువతీయువకులు చనిపోయారు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ మంత్రులు వస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు, అధికారులు నోటీసులిస్తారు. మెట్లు ఎక్కడుండాలి, పొగ ఏ దారిన బయటికి పోవాలి, పాత ఇంటికి రెండో దారి ఎలా తీయాలి అన్నవి ఆర్కిటెక్టు చెప్పాల్సిన మాటలు. పాతబస్తీలో పైన కాపురం, కింద దుకాణం ఉన్న ఇళ్లు గల్లీ గల్లీకీ కనిపిస్తాయి. వాటిని కూల్చమనడం పరిష్కారం కాదు. డాబాల మీదుగా పక్కింటికి దాటే దారి, కరెంటు మీటర్ల పెట్టెను మెట్ల కిందినుంచి తప్పించడం, కిటికీ గ్రిల్లులో లోపలినుంచి తెరుచుకునే తలుపు లాంటివి తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. ఏ ఇంటికి ఏది పనికొస్తుందో చూసి చెప్పే నిపుణుల బృందాన్ని చాప్టర్ పంపాలి. దుర్ఘటన జరిగిన నెలలోపు సాంకేతిక నివేదికను తెలుగులోనూ ఉర్దూలోనూ జనం ముందు పెట్టాలి.

ఇక ప్రభుత్వమే యజమాని అయినప్పుడు సంఘానికి పరీక్ష మరీ కఠినం. అమరావతి ప్రభుత్వ భవనాల సముదాయానికి 2016లో జపాన్‌కు చెందిన ప్రిట్జ్‌కర్ పురస్కార గ్రహీత ఫుమిహికో మాకీ సంస్థను ఎంపిక చేసి, ఆ ఏడాదే పక్కన పెట్టారు. ఎంపిక తీరులో పారదర్శకత లేదంటూ ఆయన కౌన్సిల్‌కు లేఖ రాశారు. పని తర్వాత బ్రిటన్‌కు చెందిన ఫోస్టర్ సంస్థకు వెళ్లింది. ఎవరి డిజైన్ బాగుందన్నది వేరే చర్చ. పోటీ పెట్టి గెలిచినవాడిని తప్పిస్తే కారణం బహిరంగంగా చెప్పాలని పట్టుబట్టాల్సింది మన ఆర్కిటెక్టులే. హైదరాబాద్‌లో కొత్త అసెంబ్లీ కోసం ఎర్రం మంజిల్ ప్యాలెస్‌ను కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. ఆ భవనం నిలిచింది దాన్ని కట్టించిన నవాబు వారసులు, పౌరులు కోర్టు మెట్లెక్కి పోరాడినందువల్ల. అలాంటి వ్యాజ్యాల్లో ముందు వరుసలో నిలబడాల్సింది కట్టడాల విలువ తెలిసిన వృత్తి సంఘం.

ప్రభుత్వాన్ని తప్పుపడితే పనులు పోతాయన్న భయం సభ్యుల్లో ఉంటుంది. ఆ భయం అర్థంలేనిది కాదు. చిన్న ఆఫీసు నడిపే ఆర్కిటెక్టు ఒంటరిగా నోరెత్తలేడు. సంఘం ఉన్నది సరిగ్గా అందుకే. 1917లో బొంబాయిలోని జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్ విద్యార్థులు కూడబలుక్కుని మొదలుపెట్టిన సంఘం నుంచే ఈ సంస్థ ఎదిగింది. అవార్డుల సాయంత్రాలు, టైల్స్ కంపెనీల ప్రదర్శనలు జరుపుకోవచ్చు, కాదనం. కానీ వాటికి దొరికే తీరికలో కొంత ప్రతి జిల్లా కేంద్రంలో నెలకొక రోజు ఉచిత సలహాకు కేటాయించాలి. సర్టిఫికెట్ మీది పేరు నిజంగా రిజిస్టరైనదో కాదో అక్కడికక్కడే చూసి చెప్పాలి. స్థలం చూడకుండా సంతకాలు పెట్టే సభ్యుడి మీద, ఇంటి యజమాని రాకముందే, చాప్టరే ఆధారాలతో కౌన్సిల్‌కు ఫిర్యాదు పంపాలి. ఇందులో దేనికీ ప్రభుత్వ జీవో అక్కర్లేదు. వచ్చే కార్యవర్గ సమావేశంలో తీర్మానం చేసి, మరుసటి నెల నుంచే మొదలుపెట్టవచ్చు.